చీటీ మీది పేరు

తొమ్మిదేళ్లుగా ఒక పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా పైకి అనలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. చదివి మీరు ముఖం తిప్పుకున్నా నాకు కనిపించదు. పిరికివాడికి ఇంతకన్నా మంచి దారి దొరకదు.

మాది ఆదోని. నాన్నది పత్తి వ్యాపారం. ఆ దుమ్ము పడక నేను చేపల తొట్ల దుకాణం పెట్టుకున్నాను. మొదట మామూలు రంగుచేపలు, తర్వాత ఉప్పునీటి తొట్లు. సముద్రం ముఖం చూడని జనానికి సముద్రం అమ్మడం నాకు సరదాగా ఉండేది. బెంగళూరు నుంచి గుండీ పగడాలు తెప్పించేవాణ్ని. రాయిని కరుచుకుని, చొక్కా గుండీలంత పూలలాగా విచ్చుకుంటాయి. చూడటానికి పూలే గానీ ప్రాణమున్న జీవులు.

అవి వచ్చే ప్రతి నీళ్ల సంచితోనూ ఒక చీటీ వచ్చేది. దాని మీద శాస్త్రవేత్తలు పెట్టిన పేరు, కింద ఒకటి రెండు జాగ్రత్తలు. సంచి విప్పగానే మా వ్యాపారంలో చేసే మొదటి పని ఆ చీటీ తీసి దాచేయడం. అసలు పేరు తెలిస్తే కొనేవాడు నేరుగా బెంగళూరుకే ఫోన్ చేసుకుంటాడు. పైగా నోరు తిరగని పేరు ఎవరికి కావాలి? మేమే ముద్దుపేర్లు పెట్టేవాళ్లం. డ్రాగన్ కన్ను, అగ్నిచక్రం, బంగారు గుండీ. రంగు కాస్త మారితే పేరు మారేది. ఒకే జాతికి నాలుగు పేర్లు, నాలుగు జాతులకు ఒకే పేరు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే అదే. పత్తి రకం పేరు మార్చి చెప్పినవాణ్ని మా నాన్న గడప తొక్కనిచ్చేవాడు కాదు. నేను ఆయన కొడుకునే.

ఎమ్మిగనూరు నుంచి ఒక నేతకారుడు వచ్చేవాడు. రంగన్న అనుకుందాం. నాకన్నా పదేళ్లు పెద్ద. నెలలో ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి, తొట్ల ముందు ముక్కాలిపీట వేసుకుని పూట పూటంతా కూర్చునేవాడు. ఆ రంగుల్లోంచి చీర అంచులకు రంగులు ఏరుకునేవాడు. కొన్నాళ్లకు తనూ ఇంట్లో చిన్న తొట్టి పెట్టాడు. బంగారు గుండీ రాయి తీసుకున్న రోజు దాని అసలు పేరేమిటని అడిగాడు. నంబరు చూడకుండా నూలు కొంటామా అన్నాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ, ఆ పేరుతో మనకేం పని అని నవ్వేశాను. ఆయనా నవ్వాడు. చీటీ అప్పుడు నా సొరుగులోనే ఉంది. దాన్ని చదివాను కూడా. విషం ఉంటుందని, వట్టి చేత్తో గీకవద్దని, వేడినీళ్లలో అసలు వేయవద్దని రాసి ఉంది. మరి ఎందుకు చెప్పలేదు? ఇంతమందికి అమ్మాను, ఎవరికీ ఏమీ కాలేదు కదా అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాకపోవడం నా గొప్పతనం కాదని అప్పుడు తోచలేదు.

ఆరు నెలలకు ఆ గుండీలు రాయంతా పాకి మిగతా పగడాలను కప్పేశాయి. రంగన్న ఆ రాయిని శుభ్రం చేసి మళ్లీ వాడుకుందామనుకున్నాడు. నూలుకు రంగు వేసే ఇంట్లో పుట్టినవాడు ఏం చేస్తాడు? రంగు వేసే ముందు నూలును కాగే నీళ్లలో ఉడకబెడతారు. ఉడికిస్తేనే మురికి వదులుతుందన్నది వాళ్ల చేతుల్లోకి దిగిన చదువు. ముందు కత్తితో గీకాడు. వాటి రసం చుక్క ఎగిరి కుడికంట్లో పడింది. కన్ను నలుపుకుని, నూలు ఉడికించే పెద్ద గిన్నెలో రాయి వేసి, మురికి వదిలిందో లేదో అని ఆవిరి మీదికి వంగి చూశాడు.

మధ్యాహ్నానికల్లా ఒళ్లు వణుకు, ఊపిరాడదు, కన్ను నిప్పుకణిక. ఆస్పత్రి నుంచి వాళ్లావిడ నాకు ఫోన్ చేసింది. వదినా అని పిలిచేవాణ్ని ఆమెను.

"అప్పా, ఆ రాతి మీద ఉండే పూలు ఏం పూలు? డాక్టరు పేరడుగుతాండాడు. సరైన పేరు సెప్పల్లంట."

సొరుగు లాగాను. చీటీ కనిపిస్తోంది.

"బంగారు గుండీ అంటారు వదినా."

"అది గాదంటప్పా. పుస్తకాల్లో వేరే పేరు ఉంటాదంట గదా?"

"ఉంటే సెప్పనా వదినా? అవి ఉత్త సముద్రం పూలు. వాటితో ఏం కాదు."

ఆమె నా మాట నమ్మింది. డాక్టరుకు అదే చెప్పింది. ఆయన ఆవిరి కొట్టిన కన్ను అనుకుని చుక్కల మందు వేశాడు.

ఎందుకలా అన్నాను? పోలీసులొస్తారనా? దుకాణం మూతపడుతుందనా? ఆ రెండూ నిజమే. కానీ వాటికన్నా ముందు, ఆరు నెలల కింద నవ్వి దాటేసిన అబద్ధం ఆమె ముందు బయటపడుతుందన్న సిగ్గు నన్ను పట్టుకుంది. ఒక మనిషి కంటికన్నా నా సిగ్గు నాకు ఎక్కువైంది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

తగ్గకపోయేసరికి మూడోరోజు నేనే కారులో రంగన్నను కర్నూలు పెద్దాస్పత్రికి తీసుకుపోయాను. చీటీ నా జేబులో ఉంది. దారి పొడవునా వానల గురించి, రోడ్ల గురించి మాట్లాడాను. తేలు కుట్టిన దొంగకు అంతకన్నా మాటలేం వస్తాయి? అక్కడి డాక్టరు చూసి, ఆలస్యమైంది అన్నాడు. అప్పుడూ చీటీ బయటికి తీయలేదు. ప్రాణం నిలబడింది. కుడికన్ను పోయింది, నల్లగుడ్డు మీద తెల్లపొర మిగిలింది. మొదటిరోజే పేరు చెప్పి ఉంటే కన్ను దక్కేదా? తెలియదు. దక్కేది కాదని ఎవరైనా చెబితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ మాట అడగాలంటే ముందు ఇదంతా చెప్పాలి.

తెగిన పోగు అతకడానికి రెండు కళ్లూ కావాలి. ఇప్పుడు మగ్గం మీద వదిన కూర్చుంటుంది. రంగన్న పక్కన కూర్చుని నూలు కండెలు చుడతాడు. పోయినప్పుడల్లా నాకు టీ ఇస్తారు. కష్టంలో కారు తెచ్చిన మనిషినని వచ్చినవాళ్లకు చెబుతారు. తప్పు నాదేలే, తెలియక ఉడకబెట్టినాను అంటాడు రంగన్న. ఆ మాట విన్న ప్రతిసారీ చెప్పేద్దామని నోరు తెరుస్తాను. టీ తాగి లేస్తాను.

చెబితే తిడతాడని కాదు నా భయం. తిట్టడు. పోనీలే అప్పా అంటాడు. ఆ మాట తీసుకునే అర్హత నాకు లేదు.

ఉప్పునీటి తొట్లు తీసేశాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. రేపు ఎమ్మిగనూరు పోయి చెబుతానని మీకు మాట ఇవ్వను. ఇచ్చి తప్పిన మాటలు చాలా ఉన్నాయి. ఆరోజు వదిన అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

పాలిథోవా, వదినా. దాని పేరు పాలిథోవా. నాకు తెలుసు.