లేదు అనడం తెలియని సర్వరు

ఆ రోజుల్లో అనకాపల్లిలో ఇంటర్నెట్ ఇప్పటిలా జేబులో ఉండేది కాదు, స్తంభం మీద నుంచి దిగి వచ్చేది. గాలి గట్టిగా వీస్తే ఆగేది, కోతి వైరు పట్టుకుని ఊగితే ఆగేది, ఎవరైనా డాబా మీద వడియాలు పెట్టుకోవడానికి వైరు పక్కకి లాగితే ఆగేది. ఆగినా ఎవరూ కంగారుపడేవారు కాదు, "వత్తాదిలే" అనుకుని టీ తాగి వచ్చేవారు. ఇప్పుడు ఒక్క నిమిషం ఆగితే కొంప మునిగినట్టు ముఖాలు పెట్టే మా పిల్లల్ని చూసినప్పుడల్లా, ఒకప్పుడు ఈ ఊరి ఇంటర్నెట్‌ని పూటంతా మీ మామయ్య ముఖం చుట్టూ తిప్పిన ఘనుణ్ణి నేనేనర్రా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. తండ్రన్న కాస్త గౌరవం కూడా పోతుంది. మీకైతే ఫరవాలేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, మొదట్లో కేబుల్ టీవీ కనెక్షన్లు ఇచ్చేవాడు. ఆ తీగల దారినే ఇంటర్నెట్ కూడా పంపొచ్చని ఎవరో చెప్పగా, మెయిన్ రోడ్డు పక్క సందులో మేడ మీద గది తీసుకుని, రెండు కంప్యూటర్లు, ఒక దేవుడి పటం, ఒక ఏసీ పెట్టి (ఏసీ కంప్యూటర్లకి, మాకు కాదు) వ్యాపారం మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ పూర్తిచేసి ఇంట్లో ఫ్యాను కింద పడుకుని ఉన్న నన్ను లేపి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పట్లో నేను చొక్కా తొడిగిన హేంగరులా ఉండేవాణ్ణి కాబట్టి ఆఫీసులో నా పేరు పుల్ల అయింది. మేమిద్దరం కాక అక్కడ ఉన్నది లైన్‌మన్ ఒక్కడే. భుజం మీద నిచ్చెన లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు గనక అందరికీ నిచ్చెన మామ.

నా ఉద్యోగం పేర్ల సర్వరుని నడపడం. దాని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మనం కంప్యూటర్లో ఏ బ్యాంకు పేరో రైల్వే పేరో కొడతాం, కానీ కంప్యూటర్లకి పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. ఫలానా పేరుగల వాళ్ళ నంబరు ఎంత అని అడిగితే, తనకు తెలిస్తే తనే చెప్పి, తెలియకపోతే బయట పెద్దవాళ్ళని అడిగి కనుక్కుని చెప్పేదే పేర్ల సర్వరు. మన జంక్షన్లో కిళ్ళీ కొట్టు ఆయన చేసే పనే. "ఏ ఊరు బాబూ, ఎవుల తాలూకా" అని అడిగి ఇల్లు చూపిస్తాడు చూడండి, అదన్నమాట. ఇలా కనబడకుండా వెనకాల ఉండి రాత్రింబగళ్ళు పనిచేసే ప్రోగ్రాములని మా వాళ్ళు డీమన్ అంటారు. ఆ మాటకి అర్థమేమిటని అక్క అడిగితే తెలివి తక్కువై, దెయ్యమని చెప్పాను. మర్నాడు సర్వరుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి.

ఒకరోజు బావ నా వెనకాల నిలబడి, తెరమీద గబగబా పైకి పోతున్న వరసల్ని చూసి ఇదేమిటని అడిగాడు. జనం అడిగే పేర్లు, వాటికి మన సర్వరు చెప్పే జవాబులూ అన్నాను. "మరి ఈ వరస ఏటి, మాటిమాటికీ వత్తన్నాది?" అన్నాడు. ఎవరైనా తప్పు పేరు కొడితే, అలాంటి పేరు లేదు అని జవాబిస్తుంది బావా అన్నాను. బావ ముఖం పాలిపోయింది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా ఇళ్ళలో లేదు అన్న మాట నోట రానివ్వరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటారు. డబ్బాలో గింజ ఉండదు, మాట మాత్రం నిండుగా ఉంటుంది. అక్క అయితే గ్యాసు కూడా నిండుకుందనేది. (అది విని సిలిండరు ఖాళీ అయిందా, ఇప్పుడే నిండుదొచ్చిందా తెలియక గ్యాసబ్బాయి మెట్లమీద ఆలోచనలో పడేవాడు.) ఆ ఇంటి అల్లుడైన బావ తన ఆఫీసులో తన సొంత మిషను పొద్దుటి నుంచీ ఊరందరికీ లేదు, లేదు అని చెబుతోందంటే ఎలా తట్టుకుంటాడు?

"లచ్చిందేవి వచ్చే యేళ మన సర్వరు జనాన్ని లేదు పొమ్మంటన్నాదా? నువ్వు ఊరుకున్నావా?" అన్నాడు.

"దాని పనే అది బావా."

"పని సంగతి తర్వాత, ముందు మర్యాద సూడు. పేరు తెలీకపోతే మనింటికి రమ్మనాల. కూకోబెట్టి మంచినీళ్ళియ్యాల. అలాగ సెయ్యి."

నేను అసలే కొత్త. చెయ్యలేను అంటే అది కూడా లేదు అనడం లాంటిదే. పైగా ఎలా చెయ్యాలో నాకు తెలుసన్న పొగరొకటి. సెట్టింగుల్లో రెండు వరసలు చేర్చాను. ఏ పేరుకి జవాబు దొరక్కపోయినా మన ఆఫీసు నంబరే ఇవ్వమని ఒకటి. మాటిమాటికీ అడగకుండా, ఇచ్చిన జవాబుని అడిగిన కంప్యూటరు ఒక రోజంతా గుర్తుపెట్టుకోవాలని రెండోది. ఆ నంబరుకి వచ్చిన వాళ్ళకోసం ఒక పేజీ తయారుచేసి అదే సర్వరులో పెట్టాం. తెల్ల చొక్కాలో బావ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంటాడు, కింద "సుస్వాగతం, మీకేం కావాలన్నా మేమున్నాం" అని ఉంటుంది. ఫొటో మేడమీదే తీశాం. వెనకాల అందం కోసం తెల్ల దుప్పటి పట్టుకున్నది నేను. నిచ్చెన మామకి కెమెరా కొత్త గనక బావతో పాటు దుప్పటి అంచు, దాని పక్కనుంచి నా సగం ముఖం కూడా పడ్డాయి. బాగానే ఉంది ఉంచీమన్నాడు బావ.

కొన్నాళ్ళు అంతా మర్యాదగా గడిచింది. ఇంతలో ఊళ్ళోకి ఒక పెద్ద కంపెనీ దిగింది. వాళ్ళ కుర్రాళ్ళు టై కట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నారు. బావ ఆశంతా బెల్లం తాతగారి మీద పెట్టుకున్నాడు. బెల్లం మార్కెట్లో పెద్ద వర్తకుడాయన. ఆయన ఏది కొంటే ఆ వరస కొట్లన్నీ అదే కొంటాయి. ఆయన మన కనెక్షన్ తీసుకుంటే ఆఫీసు నిలబడుతుంది, కాదంటే తీగలన్నీ పెద్ద కంపెనీకి అప్పజెప్పి మూసేయడమే. అమ్మ అప్పటికే నన్ను అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో షిఫ్టు పనికి పంపాలని మాట్లాడేసింది. నాకేమో ఆ మేడమీద గది, ఆ ఏసీ శబ్దం, ఊరంతా ఏ పేరు అడిగినా ముందు నన్నే అడుగుతోందన్న గర్వం, ఇవన్నీ వదులుకోవాలంటే ఏడుపొచ్చేది.

తాతగారికి కనెక్షన్ చూపించాల్సిన రోజు పొద్దున్నే కశింకోట దగ్గర రోడ్డు పనిలో పొక్లెయిను మాకు బయటనుంచి వచ్చే తీగని పెకలించేసింది. నిచ్చెన మామ వెళ్ళి, టిఫిన్ వేళకల్లా అతికించేశాడు. లైను వచ్చేసింది కదా అని నేనూ బావా నిశ్చింతగా మార్కెట్‌కి బయల్దేరాం. ఆ కాసేపట్లో మా సర్వరు ఏం చేసిందో మాకు తెలియదు. తీగ లేనప్పుడు బయట పెద్దవాళ్ళని అడగడం కుదరదు, అడగడం కుదరకపోతే ఏ పేరుకీ జవాబు దొరకదు, జవాబు దొరక్కపోతే మన ఇంటికి రమ్మనడమే. ఊళ్ళో ఎవరు ఏది అడిగినా అది మా నంబరే ఇచ్చి, రేపటిదాకా గుర్తుపెట్టుకోండి అని కూడా చెప్పింది. (ఇప్పటి బ్రౌజర్లయితే అనుమానపడి ఎర్ర హెచ్చరికలు చూపిస్తాయి. అప్పటివి అమాయకమైనవి, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయేవి.)

తాతగారు బెల్లం దిమ్మల మధ్య మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముందురోజే మేం తీగ లాగి పెట్టిన కంప్యూటర్ దగ్గర ఆయన గుమస్తా పొద్దుటినుంచీ ఏవేవో నొక్కుతూనే ఉన్నాడు.

"ఏదీ, పైఊళ్ళల్లో బెల్లం ధర ఎలాగున్నాదో సూపించు," అన్నారు తాతగారు.

గుమస్తా నొక్కాడు. తెల్ల చొక్కాలో బావ దండం పెట్టాడు.

"బాగుంది. ఇది మీ ఆఫీసు. ధరేదీ?" అన్నారాయన. బ్యాంకు నొక్కితే బావ దండం పెట్టాడు. రైలు టిక్కెట్లు నొక్కితే బావే. గుమస్తా పట్టుదలకి పోయి దేవస్థానం పేరు కొట్టాడు. దేవుడుండాల్సిన చోట తనని తాను చూసుకుని అసలు బావ టపటపా లెంపలు వేసుకున్నాడు.

తాతగారు మా ఇద్దరివంకా చూశారు. "నీ మొగం సూడాలంటే మీ ఆఫీసుకే వత్తాను గదరా. ఏటిది, నెట్టు ఉన్నాదా, లేదా?"

ఎంత కష్టం వచ్చినా ఆ ఒక్క మాట మాత్రం బావ నోట రాదు. "నిండుకుందండి," అన్నాడు.

నేను తల దించేసుకున్నాను. అచ్యుతాపురం బస్సు కళ్ళముందు కనబడింది. అవతల కాటా దగ్గర తూకం వేసేవాడు దిమ్మలు లెక్కపెట్టడం ఒక్కటే వినబడుతోంది. "లాభం... రెండు... మూడు..."

"అది ఇన్నారా?" అన్నారు తాతగారు. "ఒకటి అనడు, లాభం అంటాడు. మా తాతలనాటి నుంచీ అంతే. అది నోటి మర్యాద. అలాగని కాటా ముల్లుని కూడా మర్యాదగా ఉండమని సెప్పలేదు. ముల్లు మొగమాటపడిందంటే ఈ మార్కెట్టు మూసుకోవాల. నువ్వు నిండుకుందను, తప్పులేదు. మిషను మట్టుకు లేదనే అనాల." తర్వాత నావైపు తిరిగి, "సాయంత్రానికి సరిసేసి సూపించు బాబూ. అప్పుడు మాటాడుకుందాం," అన్నారు.

మేం పరుగున ఆఫీసుకి చేరేసరికి ఫోను మోగుతూనే ఉంది. "మా ఆయన సినిమా పెడితే మీ ఓనరొచ్చి దండం పెడతన్నాడు, ఏటి కావాలంట?" అని ఒకావిడ. ఇంకొకాయన మర్యాదస్తుడు, ఎన్నిసార్లు దండం పెడితే అన్నిసార్లు తిరిగి పెట్టాడట. నేను ఆ రెండు వరసల ముందూ ఒక గుర్తు పెట్టాను. అలా గుర్తు పెడితే సర్వరు ఆ వరసల్ని చదవకుండా దాటేస్తుంది, చెరిపే పనిలేదు. డీమన్‌ని ఆపి మళ్ళీ లేపాను. మా సర్వరు దారిలో పడింది. కానీ రేపటిదాకా గుర్తుంచుకోమని ఊరందరి కంప్యూటర్లకీ చెప్పి ఉన్నాం కదా, అవి మాట తప్పే రకం కాదు. ఎవరికి వాళ్ళు అన్నీ ఆపి మళ్ళీ వేసుకుంటే తప్ప మరుపు రాదు.

నిచ్చెన మామ మైకు ఆటో తెచ్చాడు. బావ ముందు డ్రైవరు పక్కన, నేనూ మామా వెనకాల. సందు సందుకీ మామ గొంతు మోగిపోయింది. "అమ్మలారా, అయ్యలారా, మీ నెట్టు డబ్బా, కంప్యూటరు ఓసారి ఆపి మళ్ళీ ఎయ్యండి. మా ఓనరు ఇంక మీకు కనిపించడు."

"అలాగ సెప్పకు మామా, సచ్చిపోయేననుకుంటారు," అన్నాడు బావ.

అసలు చిక్కు అది కాదు. పొద్దుటినుంచీ జనం తెరమీద చూస్తున్న ముఖమే ఇప్పుడు మైకు ఆటోలో వచ్చింది. అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూడడం మొదలుపెట్టారు. ఎవరైనా చూస్తే బావ అలవాటు కొద్దీ చేతులు జోడిస్తాడు. ఇంకేముంది, వార్డుకి నిలబడ్డాడని ఊరు తీర్మానించేసింది. ఒక ముసలమ్మ ఆటో ఆపి, "ఏ గుర్తు నాయనా?" అని అడిగింది. బావ నోరు తెరిచేలోపే, "స్విచ్చి గుర్తమ్మా, ఓసారి ఆపి మళ్ళీ ఎయ్యండి," అన్నాడు మామ మైకులో. నేను ఆటోలో పడి నవ్వాను. ఉద్యోగం పోయేలా ఉన్న రోజున అంత నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

సాయంత్రం తాతగారి కొట్లో కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాం. బెల్లం ధర వచ్చింది. బ్యాంకు వచ్చింది. దేవుడు తన చోటికి తాను వచ్చాడు. అయినా తాతగారు తృప్తిపడలేదు. తన సొంత పేరు కొట్టమన్నారు. గుమస్తా భయపడుతూనే కొట్టాడు. అలాంటి పేరు లేదు అని వచ్చింది. గుమస్తా దాన్ని చదవడానికి జంకుతుంటే నేనే చదివాను. ఆయన కుర్చీ ఊగేలా నవ్వారు.

"ఈ మార్కెట్టులో ఇన్నాళ్ళూ నన్ను లేదన్నోడు లేడు. నా మొగం మీదే అనేసింది. ఇది కాటా ముల్లే. ఎట్టీండి కనెక్షను," అన్నారు.

ఆ వరస కొట్లన్నీ మాకే వచ్చాయి. అచ్యుతాపురం బస్సు నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. ఆ కుర్చీలో నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను, అక్కడ నేర్చుకున్న పనితోనే ఇవాళ్టికీ తింటున్నాను. తర్వాత కాలం మారి నెట్టు అందరి జేబుల్లోకీ చేరింది. బావ అదే గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్మాడు. ఈమధ్య ఆ గది కూడా ఖాళీ చేస్తుంటే అటకమీద దుమ్ములో మా పాత సర్వరు దొరికింది. నిమ్మకాయ నల్లగా ఎండిపోయి ఇంకా వేలాడుతోంది.

ఏమైతే అయిందని కరెంటు పెట్టాను. దగ్గుతూ లేచింది. నా లాప్‌టాప్‌కి తీగ కలిపి సెట్టింగులు తెరిస్తే ఆ రెండు వరసలూ నేను పెట్టిన గుర్తు వెనకాల అలాగే పడుకుని ఉన్నాయి. గుర్తు తీసేసి డీమన్‌ని మళ్ళీ లేపాను. "ఏదో ఒకటి కొట్టు," అన్నాడు బావ కళ్ళజోడు సర్దుకుంటూ. ఏం కొట్టాలో తోచక, ఇప్పుడు నన్నెవరూ పిలవని నా పాత పేరు, పుల్ల అని కొట్టాను.

తెల్ల చొక్కాలో, నల్లటి జుట్టుతో బావ దండం పెట్టాడు. "సూసేవా, లేదనలేదు," అన్నాడు నెరిసిన బావ నా పక్కనుంచి, ఎంతో సంతోషంగా. నేను చూస్తున్నది ఆయన్ని కాదు. దుప్పటి అంచు పక్కన సగం ముఖం, అప్పుడే మొలుస్తున్న మీసం, చెయ్యి నొప్పెడుతున్నా దుప్పటి వదలకుండా నవ్వుతున్న ఆ బక్కవాడు. ఎన్నో పేర్లకి తప్పు చిరునామా చెప్పిన ఆ సర్వరు, ఇన్నాళ్ళకి నేను అడిగిన ఒక్క పేరుకి మాత్రం సరైన ఇల్లే చూపించింది.