గట్టు మీది రాళ్ళు, మా దొండ పందిరి

ఆ పీట ఇటు లాక్కుని నా పక్కనే కూర్చోండి. చెవి కాస్త ఇటు పెట్టండి, గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు. మా దొండ పందిరి ఎలా కూలిందో చెబుతాను. ఎవరి మీదా చాడీలు చెప్పడానికి కాదు. చెప్పుకుందామన్నా ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

మాది బందరు కాలవ పక్కన ఊరు. పొలమని గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇంటి వెనక కాస్త నేలచెక్కలో దొండ పందిరి, అంతే. మా మామగారు రాళ్ళు పాతి, పైన ఇనప తీగలు లాగి, పాదులు పాకించిన పందిరి అది. దాని కిందికి వెళితే ఎండాకాలంలోనూ చల్లగా ఉండేది. రోజు విడిచి రోజు కాయ కోసి, గోతాల్లో నింపి ఆటోలో వేస్తే, మా ఆయన పటమట బజారుకి తీసుకెళ్ళి అమ్ముకొచ్చేవాడు. ఇంట్లోకి ఉప్పూ పప్పూ, నా మోకాళ్ళ మందులూ అన్నీ ఆ కాయలోంచే. దొండపాదు ఒకసారి దెబ్బతిన్నదంటే మళ్ళీ పందిరెక్కి కాయ పట్టడానికి నెలలు పడుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకుని మిగతాది వినండి.

పందిరికి తూర్పున గట్టు, గట్టు అవతల పక్కాయన చేను. ఆయన మాకు చుట్టం కాదు. అయినా నన్ను చెల్లెమ్మా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు. ఆ గట్టు మీద వాళ్ళ నాన్నగారు పాతించిన కంచె రాళ్ళు వరసగా ఉండేవి. మా వైపు ఒక మర్యాద ఉంది. గట్టు మీద ఒకరు రాళ్ళు పాతితే రెండోవాళ్ళు మళ్ళీ పాతరు, తమ తీగ ఆ రాళ్ళకే కట్టుకుంటారు. అలా మా పందిరి తూర్పు వైపు తీగలన్నీ ఆయన రాళ్ళకే ఉండేవి. ఆగ్నేయ మూలన మాత్రం మా సొంత రాయి ఒకటి ఉండేది. పందిరి బరువంతా లాగి పట్టుకున్నది అదే.

ఈ ఏడు వానలకి ముందు ఆయన ఆ చేను అమ్మేశాడు. కొన్నవాళ్ళు ప్లాట్లు వేస్తారట, గట్టు వెంట సిమెంటు పలకల గోడ వస్తుందట. ఆ మాట చెప్పడానికి మా వాకిట్లోకి వచ్చి, కాసేపు కండువా నలుపుతూ నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, శుక్రవారం రాళ్ళు పీకడానికి ట్రాక్టర్ వస్తుంది. ఈలోగా మీ తీగలు విప్పుకోండి. ఆ రాళ్ళు కూడా మీరే ఉంచేసుకోండి, నేనేం చేసుకుంటాను."

"కాయ మీదుంది బావా," అన్నాడు మా ఆయన. "రెండు నెలలు ఆగరంటావా వాళ్ళు?"

"అడిగి చూశాను బావా. సోమవారం గోడ పనోళ్ళు దిగుతున్నారంట. ఇంక నా చేతుల్లో ఏముంది?"

ఏముంది మరి. రాళ్ళు ఆయనవి, గట్టు చేనుతో పాటే పోయింది. వద్దనడానికి మాకు నోరెక్కడిది. వన్ టౌన్ బజారుకి వెళ్ళి వెదురు బొంగులు తెచ్చుకున్నాం. తూర్పు అంచున పందిరి లోపలి వైపు బొంగులు నిలబెట్టి, ఒక్కో తీగనీ రాయి మీంచి విప్పి బొంగుకి మార్చాం. మా ఆయన ఊపి చూసి, నిలబడుతుందిలే అన్నాడు. గురువారం సాయంత్రం రాళ్ళ మొదట్లో బిందెలతో నీళ్ళు పోశాం. మాది నల్లమట్టి, ఎండిందంటే రాయిని వదలదు.

శుక్రవారం పొద్దున్నే ట్రాక్టర్ పక్కాయన చేలోంచి వచ్చింది. నడిపేది భవానీపురం సాయిబు, నెమ్మదస్తుడు. ట్రాక్టర్‌కి ముందు మట్టి ఎత్తే బకెట్, వెనక నాగలి తగిలించే ఇనప చేతులు ఉన్నాయి. రాయి మొదట్లో గొలుసు చుట్టి, ఆ చేతులకి తగిలించి, మీట నొక్కి నిటారుగా పైకి లేపుతున్నాడు. పక్కకి లాగితే రాయి విరుగుతుందట.

"పళ్ళ డాక్టర్ లాగా పీకుతున్నావు భాయ్," అన్నాడు మా ఆయన.

"డాక్టరైతే మత్తిస్తాడు బాబాయ్. నేను నీళ్ళే పట్టించా."

పక్కాయన మా బొంగులు చూసి నవ్వాడు. "ఏం బావా, పెళ్ళి పందిరి వేసినట్టుందే."

"చేనుని అత్తారింటికి పంపుతున్నది నువ్వు. అప్పగింతల పాట మా ఇంటావిడ పాడుద్దిలే," అన్నాడు మా ఆయన. ఆయన నవ్వు ఆగిపోయింది. మాట కాస్త గట్టిగానే తగిలినట్టుంది.

మధ్యాహ్నానికి ఒక్క రాయి తప్ప అన్నీ వచ్చేశాయి. మా మూల రాయికి ఎదురుగా, గట్టు మీద ఉన్న రాయి అది. సాయిబు మజ్జిగ తాగి నమాజుకి వెళ్ళాడు. ఆయన వచ్చేలోపు నేను పందిరి కింద ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగి చూసుకున్నాను. ఎక్కడా తీగ జారలేదు. బొటనవేలంత కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. రేపు కోతకి వస్తాయి అనుకున్నాను.

సాయిబు తిరిగొచ్చి గొలుసు తగిలించాడు. రాయి లేచింది. దాని మొదలుతో పాటు మట్టిలోంచి తుప్పుపట్టిన లావుపాటి తీగ ఒకటి బయటికి వచ్చింది. గట్టుని చీల్చుకుంటూ మా వైపే వస్తోంది. నేను చెయ్యి ఊపుతూ "ఆపు బాబూ, ఆపు" అన్నాను. ఆయన వెంటనే ఆపాడు, వెంటనే దించాడు కూడా. కానీ మా మూల రాయి మొదలు అప్పటికే కదిలిపోయింది. ముందు అది ఒరిగింది. తర్వాత తీగలు వరస వెంట వరస వదులయ్యాయి, బొంగులు జారాయి, లోపలి రాళ్ళూ ఒరిగాయి. గేదె ముందుకాళ్ళు మడిచి, ఆనక వెనక్కాళ్ళు మడిచి కూర్చున్నట్టు, పందిరంతా నింపాదిగా నేల మీద కూర్చుంది. మేం నలుగురం చూస్తూ నిలబడ్డాం.

మా ఆయన వెళ్ళి ఆ తుప్పు తీగ పట్టుకుని చూశాడు. ఒక కొస మా మూల రాయికి, ఇంకో కొస పక్కాయన రాయి మొదటికి చుట్టి ఉంది. మూల రాయి ఒరగకుండా అవతల వైపు నుంచి లాగి కట్టాలి. అవతలిది పరాయివాళ్ళ చేను. అందులో మేకు కొడితే వాళ్ళ ఎడ్ల కాళ్ళకీ నాగలికీ అడ్డం. అందుకని మా మామగారు తీగని గట్టు కిందుగా తీసుకెళ్ళి వాళ్ళ రాయి మొదటికే కట్టారన్నమాట. నేను కాపురానికి రాకముందు సంగతి. మా ఆయన అప్పటికి నిక్కర్లు తొడుక్కునే పిల్లాడు. పక్కవాళ్ళకి ఇబ్బంది కాకుండా చేసిన పనిని ఆ పెద్దాయన ఎవరికి చెబుతారు?

"బకెట్‌తో లేపి చూద్దామా అమ్మా?" అన్నాడు సాయిబు.

బకెట్ మీద గోతాలు పరిచి, అంచు కిందికి పోనిచ్చి మెల్లగా ఎత్తాడు. అంచు లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో లోపల పాదుల మొదళ్ళు టప్ టప్‌మని తెగడం వినిపించింది. ఎత్తితే తెగుతాయి, దించితే నలుగుతాయి.

"దించెయ్ భాయ్," అన్నాడు మా ఆయన.

పక్కాయన గట్టు మీద కూలబడ్డాడు. "నన్ను నాలుగు తిట్టు చెల్లెమ్మా."

"దేనికని తిట్టను అన్నయ్యా?"

నిజంగానే వెతుక్కున్నాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండేది.

మర్నాటికి మబ్బు పట్టింది. నేల మీద తడిస్తే తీగంతా కుళ్ళి మొదలు కూడా పోతుంది. అందుకని మేమే కొడవళ్ళు పట్టుకుని, తెగకుండా మిగిలిన పాదుల్ని మోకాలెత్తున కోసేశాం. కాయతో సహా కోశాం. మా ఆయన రెండు పాదులు కోసి, కొడవలి నా చేతికిచ్చి కాలవ వైపు వెళ్ళిపోయాడు. మిగతావి నేనే కోశాను.

సోమవారం గోడ లేచింది. ట్రాక్టర్ వచ్చిన దారి మూసుకుపోయింది. మా ఇంటి పక్క సందులో సైకిల్ తప్ప పట్టదు. పక్కాయన ఇచ్చిన రాళ్ళన్నీ మా వైపు గోడ వారన పడే ఉన్నాయి, మేమిద్దరం కదిలించగల బరువు కాదు. వానలకి పాదులు మళ్ళీ చిగిర్చాయి. ఎక్కడానికి పైన ఏమీ లేదు. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా, తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుని నేల మీదే పాకుతున్నాయి. పొద్దున్నే వెళ్ళి వాటిని విడదీస్తాను. సాయంత్రానికి మళ్ళీ చుట్టుకుంటాయి.

ఇంతసేపు కూర్చుని విన్నారు, అదే పదివేలు. మీ ఇంట పొయ్యి ఆరకూడదు. మీ పెరట్లో పాదు వాడకూడదు. మీ పిల్లాపాపా, ఇరుగూపొరుగూ అందరూ చల్లగా ఉండాలి.