పట్టపగలు రెండు గంటలకు

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండుకు ఐదు నిమిషాలుందనగా కాకకు ఫోన్ చేశాను. చేతిలో కాగితం, కాగితం మీద పదకొండు లైన్లు. ఎప్పటిలాగే ఆయనకు చదివి వినిపించాలి, ఆయన తిరిగి చెప్పాలి, అప్పుడు పని మొదలుపెట్టాలి. ఫోన్ ఆయన భార్య, మా చిన్నమ్మ ఎత్తింది.

"కాక లేడు బిడ్డా," అంది.

ఎక్కడికో వెళ్ళాడనుకున్నాను. "ఎప్పుడొస్తడు చిన్నమ్మా?" అని అడిగాను కూడా. ఆ మాట అడిగిన నా నోటిని ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

"ఇంకేడొస్తడు? చాయ్ తాగి గోడకు ఒరిగిండు. మల్ల లేవలే. డాక్టరు జూసి ఇప్పుడే పోయిండు."

ఆ రోజు ఆ పని చేయలేదు. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని ఆఫీసు మెట్లు దిగి ఇంటికి పరిగెత్తాను. కామాటిపురలో వరసగా ఒంటిగది కాపురాలుండే మా చాల్ రెండో అంతస్తులో ఆయన గది, ఖోలీ అంటాం, ముందరి పొడుగు గ్యాలరీకి ఆ చివర, మా ఖోలీ ఈ చివర. నెత్తురు చుట్టరికం లేదు, వరసకు బాబాయి, మా మాటలో కాక. పని నేర్పిన గురువు. ఫాక్‌లాండ్ రోడ్ చుట్టుపక్కల చాల్‌లకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న కంపెనీలో ఇద్దరం పనిచేశాం.

ఆయన పోయాక చాల్‌లో, ఆఫీసులో అందరి నోటా ఒకటే మాట. బంగారంలాంటి మనిషి, ఆ ఒక్క తప్పు తప్ప. ఆ ఒక్క తప్పు ఆయనది కాదు. నాది. మూడేళ్ళుగా దాన్ని కడుపులో దాచుకుని ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ముఖ్యంగా అది చెప్పడానికే. కానీ ఆ మనిషి ఎలాంటివాడో తెలియకుండా అది చెబితే మీకు సగమే తెలుస్తుంది.

కాక చదివింది ఏడో తరగతి. నాన్న గోడలు కట్టే మేస్త్రీ. ఈయన వయసులో ఉండగా టీవీ కేబుల్ చుట్ట భుజాన వేసుకుని కప్పులెక్కి దిగినవాడు. కేబుల్ పోయి ఇంటర్నెట్ వచ్చినప్పుడు తోటివాళ్ళంతా వేరే పనులు చూసుకుంటే ఈయన పాత పుస్తకాల బండి మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కొని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, బీజీపీ నేర్చుకున్నాడు.

బీజీపీ అంటే భయపడకండి. ఇంటర్నెట్ అంటే ఒక్క వల కాదు, ఎన్నో కంపెనీల వలలు. "ఫలానా చోటికి నా మీదుగా దారి ఉంది" అని అవి ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి పేరే బీజీపీ. ఆ మాటలు చెప్పుకునే పెట్టె ప్రతి కంపెనీ పొలిమేరలో ఒకటుంటుంది. ఇంజనీర్లు ఎడ్జ్ రౌటర్ అంటారు, కాక దర్వాజా అనేవాడు. మా దర్వాజా అవతల పద్నాలుగు పొరుగు కంపెనీలు. మాకు ఇంటర్నెట్ ఇచ్చే పెద్దవి రెండు, మా దగ్గర తీసుకునే చిన్నవి పన్నెండు. ఒక్కొక్కరికీ విడివిడిగా నియమాలు రాస్తూ కూర్చుంటే తల తిరిగిపోతుంది. అందుకని ఒకేలాంటి వాళ్ళను ఒక గుంపు కట్టి, గుంపుకు ఒక్కసారి రాస్తే చాలు, అందరికీ వర్తిస్తుంది. దాన్నే పీర్ గ్రూప్ అంటారు.

"గుంపు కట్టుడు అల్కనే బిడ్డా," అనేవాడు కాక. "ఎవన్ని ఏ గుంపుల ఏస్తున్నవన్నదే కష్టం. ఏసే ముందు ఒక్కొక్కన్ని నిలబెట్టి అడుగు. నువ్వు ఇచ్చెటోనివా, తీసుకునెటోనివా?"

ఎవరైనా ఇలాంటి పనులు జనం పడుకున్నాక చేస్తారు. కాక పట్టపగలు రెండు గంటలకు చేసేవాడు, అదీ కిటికీలన్నీ బార్లా తెరిచి. నేను చేరిన కొత్తలో నవ్వాను.

"నవ్వుతవేందే పోరీ? దొంగోని లెక్క రాత్రి జేస్తే తప్పు పొద్దుగాల దాక ఎవనికి తెల్వది. గీ టైంల నల్లా పని అయిపోయి, తిండి అయిపోయి, చాల్ అంత ఫోన్ల సీరియల్ జూస్తుంటది. జర అటిటైనా నిమిషంల వొర్లుతరు."

నిజమే. మా ఆఫీసు కిటికీకి ఎదుటి చాల్ గ్యాలరీ చేయి చాస్తే అందుతుంది. ఏ మీటరూ అంత త్వరగా చెప్పదు.

రెండో అలవాటు చదవడం. చేయబోయే ప్రతి లైనూ ముందు కాగితం మీద రాయాలి, పక్క మనిషికి గట్టిగా చదవాలి, ఆ మనిషి విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. ఇది ఆయన నాన్న దగ్గర నుంచి వచ్చింది. మేస్త్రీలు గోడ నిలువు చూసేందుకు పైనుంచి దారానికి గుండు వేలాడదీస్తారు. పైనున్నవాడు అడిగితే కిందున్నవాడు "ఊఁ" అంటే కుదరదు, ఎటు ఎంత వాలిందో చూసింది చెప్పాలి. "ఊఁ కొట్టెటోన్ని నమ్మి గోడ లేపొద్దు" అన్నది ఆ ముసలాయన మాటట. కాక పుస్తకం నేర్చుకునే రోజుల్లో ఇంట్లో పక్క మనిషి చిన్నమ్మే. ఆమె రొట్టె కొడుతూ "నైబరు, పీర్ గ్రూపు, రూట్ మ్యాపు" అని ఒక్క ముక్క అర్థం కాకుండానే పొల్లుపోకుండా తిరిగి చెప్పేది. చెప్పి, "ఆ, ముందటిది," అనేది. అంటే తర్వాతి లైను చదవమని. ఆ మాట కాకకూ పట్టింది, ఆయన నుంచి నాకూ పట్టింది.

మూడోది గడువు. పని మొదలుపెట్టే ముందు పది నిమిషాల తర్వాత తనంతట తానే ఆగి మళ్ళీ లేవమని దర్వాజాకు చెప్పి పెట్టేవాడు. అంతా బాగుంటే ఆ ఆజ్ఞ రద్దు చేసి, కొత్త రాతను భద్రం చేస్తాం. మా భాషలో దాన్ని రైట్ కొట్టడం అంటాం. ఎక్కడైనా చెడితే చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, పది నిమిషాలకు దర్వాజా పాత రాతతో లేస్తుంది. ఒకటే షరతు. అప్పటిదాకా రైట్ కొట్టకూడదు.

మూడేళ్ళ కిందటి సంగతి. నేను చేరి ఐదో నెల, ఆరు నెలలైతేగాని ఉద్యోగం ఖాయం కాదు. మా యజమాని సేఠ్ ముందే చెప్పాడు, ఒక్క పెద్ద తప్పు జరిగితే ఇంటికే అని. ఇంట్లో అమ్మ, తమ్ముడు, నా ఒక్కదాని సంపాదన. పద్నాలుగు పొరుగులనూ రెండు గుంపులుగా కట్టే పని కాక నాకిచ్చాడు. కాగితం మీద సరిగ్గానే రాశాను, సరిగ్గానే చదివాను, కాక సరిగ్గానే తిరిగి చెప్పాడు. రెండు గంటలకు కూర్చున్నాను. తీసుకునేవాళ్ళ గుంపు పేరు పన్నెండుసార్లు అతికించాను. ఆ ఊపులో పదమూడోసారీ అతికించాను. ఆ పదమూడోవాడు ఇచ్చేవాడు.

దాంతో ఒక పెద్ద కంపెనీ చెప్పిన దారులన్నీ మా దర్వాజా తీసుకెళ్ళి, తీసుకునేవాడే అనుకుని రెండో పెద్ద కంపెనీకి చెప్పింది. "అందరూ నా మీదుగా రండి" అన్నట్టు. ఫాక్‌లాండ్ రోడ్ ట్రాఫిక్ మొత్తాన్ని తోపుడు బండి పట్టే గల్లీలోకి మళ్ళించినట్టయింది.

"అరే, బంద్ పడ్డది!" ఎదుటి గ్యాలరీ నుంచి మొదటి కేక. తర్వాత పై నుంచి, కింది నుంచి. పెట్టెలో ఫ్యాన్ హోరెత్తింది. నేను కొట్టే అక్షరాలు తెర మీదికి రావడం లేదు.

"పరేషాన్ గాకు," అన్నాడు కాక. "గడువు పెట్టినం గద. ఇంక ఎనిమిది నిమిషాలు."

అప్పుడే కింది స్కానింగ్ సెంటర్ మనిషి రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. లోపల ఒక నిండు గర్భిణి ఉంది, స్కాన్ పెద్ద డాక్టరుకు పంపి మాట అడగాలి, పోవడం లేదు. కాక అతని భుజం తట్టి, "పది నిమిషాలు ఆగు భయ్యా, అదే లేస్తది. నాది జిమ్మా," అన్నాడు.

సరిగ్గా నాలుగో నిమిషంలో నాకు గుర్తొచ్చింది. ఇంతకుముందు డేటా ఎంట్రీ చేసిన చేతులు ఇవి. నాలుగు లైన్లు కొడితే సేవ్ నొక్కకుండా ఊరుకోవు. నేను రైట్ కొట్టేశాను. ఇక దర్వాజా లేచినా ఈ తప్పుతోనే లేస్తుంది. గడువు మమ్మల్ని కాపాడదు.

చెప్పాలి. వెంటనే చెప్తే కాక మరో దారి చూస్తాడు. నోరు తెరిచాను. ఇంటికే అన్న సేఠ్ మాట, అమ్మ మొహం గుర్తొచ్చాయి. నోరు మూసుకున్నాను. ఆరు నిమిషాలు. కాక ఆ మనిషికి ధైర్యం చెబుతూనే ఉన్నాడు, నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. ఆ ఆరు నిమిషాల్లో నేనెంత నీచంగా ఉన్నానో నాకు తెలుసు.

పెట్టె ఆగింది. కాక నవ్వాడు. మళ్ళీ లేచింది. ఫ్యాన్ మళ్ళీ హోరెత్తింది. కాక నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా నా చేతుల వంక చూశాడు.

"రైట్ కొట్టినవా?"

"లేదు కాకా."

కాక లేచి వెళ్ళి ఆ రెండో కంపెనీ వైరు చేత్తో పీకేశాడు. హోరు తగ్గింది. పాత రాత అచ్చువేసి దాచుకున్న కాగితాలు తీసి ఒక్కొక్క లైనూ నాతో చదివించి, తిరిగి చెప్పి, కొట్టాడు. అన్నీ కుదుటపడేసరికి రెండూ నలభై. ఈలోపు ఆ గర్భిణిని టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తల్లీ బిడ్డా క్షేమమని మర్నాడు తెలిసింది. ఆ రాత్రి నేను పడుకోలేదు. స్కానింగ్ సెంటర్ మాత్రం మా కంపెనీని వదిలేసింది.

నాలుగింటికి సేఠ్ వచ్చాడు. ఎవరు చేశారని అరిచాడు. నేను తల వంచుకున్నాను.

"నేనే సేఠ్," అన్నాడు కాక. "చేతి అలవాటుల రైట్ కొట్టిన."

మర్నాటి నుంచి దర్వాజా పాస్‌వర్డ్ ఆయనకు లేదు. ఆ వయసులో మళ్ళీ నిచ్చెన, భుజాన వైరు చుట్ట. మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకుని ఏడ్చాను.

"ఏడ్వకు. నీ ఉజ్జోగం పోతే మూడు కడుపులు మాడుతయి. నాకేంది, నిచ్చెనుంది." వైరు చుట్ట కిందికి దించి అన్నాడు. "తప్పు అందరం జేస్తం. నాలుగో నిమిషంలనే నీకు యాదికొచ్చింది, నీ మొఖం మారంగ జూసిన, ఎందుకో అటెన్క సమజైంది. చెప్పకుండ ఊకున్నవ్ చూడు, గదే నొచ్చింది."

ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ప్రతిసారీ రెండుకు ఐదు నిమిషాల ముందు నేను ఫోన్ చేసేదాన్ని. ఆయన ఏ స్తంభం దగ్గరో, నిచ్చెన మధ్యలో, హారన్ల మోతలో నా లైన్లు విని తిరిగి చెప్పేవాడు. "ఆ, ముందటిది." మోకాళ్ళు నొప్పులని చిన్నమ్మ చెప్పేది, ఆయన చెప్పేవాడు కాదు. గుంపులో పెట్టే ప్రతి పొరుగునూ ఇప్పటికీ నిలబెట్టి అడుగుతాను, నువ్వు ఇచ్చేవాడివా, తీసుకునేవాడివా అని. నన్ను నేను అడిగితే జవాబు చెప్పడానికి సిగ్గేస్తుంది.

పదకొండో రోజు దినాల భోజనాలయ్యాక చాల్ గ్యాలరీలో అందరూ కూర్చున్నారు. సేఠ్ వచ్చాడు. కాక గురించి మంచిగానే మాట్లాడాడు, హిందీలో. పనిమంతుడు, నమ్మకస్తుడు అన్నాడు. ఆఖర్న, "ఒక్కసారే పొరపాటు చేశాడు పాపం, పోయినవాణ్ణి ఏమంటాం," అన్నాడు. నలుగురు తలలూపారు. చిన్నమ్మ గోడకు ఆనుకుని నేల చూస్తోంది.

నా జాకెట్టులో కాగితం ఉంది. ముందు రోజు రాసుకున్నాను, మూడే లైన్లు. లేచి నిలబడ్డాను. ఇది మీరు చదివేసరికి నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, సేఠ్ ఇంకా ఏమీ తేల్చలేదు. కాక నేర్పినట్టే గట్టిగా చదివాను.

"ఆ దినం తప్పు గుంపుల ఏసింది కాక గాదు, నేను."

సేఠ్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. చదివితే తిరిగి చెప్పే మనిషి ఇప్పుడు లేడు, నాకు ముందుకు వెళ్ళడం చేతకాలేదు. అప్పుడు గోడ దగ్గర నుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది.

"ఆ దినం తప్పు గుంపుల ఏసింది కాక గాదు, నువ్వు." తల ఎత్తలేదు. "ఆ, ముందటిది."

"రైట్ కొట్టింది నేను."

"రైట్ కొట్టింది నువ్వు. ఆ, ముందటిది."

"ఆరు నిమిషాలు, అటెన్క మూడేండ్లు, చెప్పకుండ ఊకున్నది నేను."

చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత తల ఎత్తి, నన్నే చూస్తూ, ఆరు నిమిషాలూ మూడేండ్లూ ఒక్క ముక్క పొల్లుపోకుండా తిరిగి చెప్పింది.

"ఆ," అంది, "ముందటిది."

కాగితం మీద ఇంకేమీ లేదు. ఆమె మాత్రం నా వంకే చూస్తూ ఆగింది.