కండెల తాత, పన్నెండు తప్పుల పుస్తకాలు

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు ఇరవై మూడేళ్లు. లోకంలో నాకు తెలియనిది పెద్దగా లేదనుకునే ఆ రోజుల్లోనే, పాలమూరులో ఒక గ్రంథాలయంవాళ్లు చూపులేని పాఠకుల విభాగంలో నన్ను తాత్కాలిక ఉద్యోగానికి పెట్టుకున్నారు. మూడు నెలలు బ్రెయిలీ నేర్చుకున్నానన్నదే నా అర్హత. (అదీ వేళ్లతో కాదు, చుక్కలను కళ్లతో చూసి చదివేదాన్ని.) నారాయణపేటలో మగ్గాలకు కండెలు చుట్టే ఒక పెద్దాయన పదిహేను రోజులకోసారి బస్సులో వచ్చేవాడు. కండెల తాత అనేవాళ్లం. చిన్నప్పుడే చూపు పోతే కర్ణాటకలోని రాయచూరు హాస్టల్లో ఉంచి చదివించారట. తెలుగు పుస్తకాలు తీసుకుపోయేవాడు కానీ, వచ్చిన ప్రతిసారీ కన్నడ పుస్తకం వచ్చిందా అని అడిగేవాడు. రాలేదనేదాన్ని. ఎనిమిది నెలలు ఇదే వరస.

ఇంతలో పన్నెండు పుస్తకాల పెట్టె ఒకటి వచ్చింది. దారిలో వానకు తడిసి పేర్ల చీటీలు ఊడిపోయాయి. తెరిస్తే చుక్కలన్నీ తెలిసినవే, మాటలే అర్థం కాలేదు. పాలు ఉండాల్సిన చోట హాలు, పువ్వుకు హూవు, పులికి హులి. రెండు రోజులు తల పట్టుకున్నాక కిటుకు దొరికింది: ప్రెస్సువాళ్లు ‘ప’ బదులు ‘హ’ కొట్టేశారు! (మన భాషల్లో చాలావాటికి బ్రెయిలీ చుక్కలు దాదాపు ఒకటేనని శిక్షణలో చెప్పారట. ఆ రోజు నేను సెలవు.) మా పైఅధికారి, మేము సంతకాల సార్ అనుకునే ఆయన, తప్పులుంటే వాపసు పంపమన్నారు. ప్రెస్సుకు పేజీ నిండా ఫిర్యాదు రాశాను. అంతటితో ఆగానా? ఒక పులి కథలో మొదటి నాలుగు పేజీలు గోటితో చుక్కలు నొక్కి, వెనక నుంచి కొత్తవి పొడిచి, హులినంతా పులిగా దిద్దాను.

పార్సిల్ కడుతుండగా తాత వచ్చాడు. తప్పుల పుస్తకాలు వాపసు పోతున్నాయన్నాను. జర ఒకటి చూపమన్నాడు. పైనున్న ఆ పులి కథే ఇచ్చాను. వేలు రెండు వరుసలు నడిచి ఆగింది, మళ్లీ మొదటికి పోయింది. పెదవులు కదిలాయి.

“బిడ్డా, గిది తప్పు గాదు. గిది కన్నడం.”

నాకు వెంటనే ఎక్కలేదు. అన్నీనా అని అడిగాను. ఒక్కొక్కటే తడిమి అన్నీ అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: “ఎన్ని దినాలసంది ఉన్నయి ఈడ?”

నెల. ఆ నెలలో ఆయన రెండుసార్లు వచ్చి, రాలేదన్న మాట విని వెళ్లాడు. పార్సిల్ తాడు విప్పడం మొదలుపెట్టాను. ఆయన ఆ పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, రాసుకొమ్మని తన కార్డు ముందుకు తోశాడు.

పోస్టు చేయని ఫిర్యాదు తీసుకుని సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని చదివి, “మరి నెల దినాలు నువ్వు సదివింది ఏ భాషనమ్మా?” అన్నారు.

పదిహేను రోజులకు తాత పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎలా ఉందన్నాను, భయపడుతూనే.

“మంచిగున్నది. గని మొదలు నాలుగు పేజీలల్ల ఒక పులి ఉండె. దాని తర్వాత హులి వచ్చింది. గా మొదటి పులి ఏమైందో యాడా జెప్పలే.”

ముఖంలో నవ్వు లేదు. నన్ను ఆటపట్టించాడో, నిజంగానే ఆ పులి కోసం చివరిదాకా వెతికాడో నాకు తెలియదు. అడిగి ఉండాల్సింది. ఇరవై మూడేళ్ల ఆ సర్వజ్ఞురాలు, అంతా అర్థమైనట్టు తలూపి ఊరుకుంది.