ఒంటె చాటున రీమ్ జింకలు

పదకొండేళ్ళ కిందట, ఒక జనవరిలో, బహ్రెయిన్ దక్షిణ ఎడారిలోని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో నన్ను తాత్కాలికంగా చీఫ్ వెటర్నరీ డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టారు. అసలు చీఫ్ సెలవులో ఉన్నారు. అప్పటికి ఆరేళ్ళుగా నేను ఆయన కింద అసిస్టెంటుని. ఉత్తరాన సనాబిస్ ఊళ్ళో ఇల్లు. తెల్లవారుతుండగా కారులో బయలుదేరితే భవనాలు పలచబడి, ఆయిల్ పైపులు మొదలై, చివరికి ఇసుకా ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయే చోటికి చేరేవాణ్ణి.

అక్కడ మేము పెంచేవి రీమ్ జింకలు. మన కృష్ణజింకకు చుట్టాలే గాని చిన్నవి, ఇసుక రంగువి. కదలకుండా నిలబడితే పక్కనే ఉన్నా కనబడవు. ఒకప్పుడు మందలుగా తిరిగేవట. జీపులూ తుపాకులూ వచ్చాక వేటలో తరిగిపోయాయి.

నేను బాధ్యత తీసుకున్న రెండోవారం, మంగళవారం ఉదయం, మేత లారీ వెళ్ళాక గేటు గొళ్ళెం సరిగా పడలేదు. ఆ ఆవరణలో ఉన్న తొమ్మిది ఆడ జింకలూ బయటికి వెళ్ళిపోయాయి. అన్నీ చూడివే. చలికాలంలో ఆ ఎడారి నిండా జనం గుడారాలు వేసుకుంటారు. శుక్రవారం సెలవు రోజు మోటారు బళ్ళు, కుక్కలు, పిల్లలు. ఆలోగా వాటిని లోపలికి తేవాలి.

కేంద్రం మేనేజరు రెండు జీపులు తీయించి, తరిమి మత్తు సూదితో పడగొడదామన్నారు. ఆ సూది పేల్చే తుపాకి వాడాలా వద్దా అనేది డాక్టరు నిర్ణయం, మేనేజరుది కాదు. ఆ కుర్చీకి కొత్తవాణ్ణి కావడంతో నేను కాదనలేదు. అరగంట తరిమాక ఒకదాని తొడకు సూది సరిగ్గా తగిలింది. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. నాకూ కొంచెం గర్వం కలిగింది.

మధ్యాహ్నానికి దాని మూత్రం కాఫీ రంగుకు తిరిగింది. ప్రాణభయంతో పరుగెత్తిన జంతువుకు వచ్చే జబ్బు అది. కండరాలు లోపలే చితికి రక్తంలో కలిసి మూత్రపిండాలను మూసేస్తాయి. సెలైన్ ఎక్కిస్తూ పక్కనే కూర్చున్నాను. పొద్దు వాలకముందే పోయింది. పోస్టుమార్టంలో కడుపులోని పిల్లకు అప్పటికే మెత్తటి బొచ్చు వచ్చి ఉంది.

చేతులు కడుక్కుంటుంటే మేత చూసే గంగారాం వచ్చి నిలబడ్డాడు. జగిత్యాల వైపువాడు, గొర్లకాపరుల ఇంట్లో పుట్టినవాడు.

"సార్, బెదిరిన గొర్రెనే ఎంటవడితె దొరకది. గిది జింకనాయె. ఉర్కిచ్చుడు వద్దు సార్," అన్నాడు. తువ్వాలు అందించి, "గా ఒంటెల గుడారంల ముసలాయన ఉన్నడు. వయసుల ఉన్నప్పుడు జింకల ఏటాడినోడట. ఒక్కమాట అడుగుదామా?" అన్నాడు.

ఆ ముసలాయన నాకూ తెలుసు. అందరూ బూ రాషిద్ అంటారు, అంటే రాషిద్ తండ్రి అని. ఎనభై దాటాయి. ఎన్నడో దొంగవేటలో పట్టుబడ్డ మనిషి కనుక మా గేటు లోపలికి రానివ్వకూడదని రిజిస్టరులో రాసి ఉంది. మేమే ఆయన గుడారానికి వెళ్ళాం. కాఫీ పోసి, వచ్చీరాని హిందీలో ఒకటే అడిగాడు: తరిమారా? తరిమామని చెప్పాను. అయితే రేపు ఎవరూ ఏమీ చెయ్యవద్దు, వాటి భయం చల్లారాలి, ఎల్లుండి చూద్దాం అన్నాడు.

బుధవారం జీపులు మళ్ళీ సిద్ధమయ్యాయి. జీపు కదిలితే నా అభ్యంతరం రాతపూర్వకంగా పైకి పంపుతానని మేనేజరుతో చెప్పాను. శుక్రవారానికి జింకలు రాకపోతే నీ కాంట్రాక్టు సంగతి కూడా రాతపూర్వకంగానే తేలుతుందని ఆయన జవాబిచ్చారు, కాని జీపులు ఆపించారు. ఆ రోజంతా బైనాక్యులర్స్‌తో గుట్ట మీద కూర్చున్నాను. ఎనిమిదీ దూరంగా ఒక పల్లంలో పడుకున్నాయి. ఏమీ చెయ్యకుండా ఉండడం ఆ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టమైన డ్యూటీ.

గురువారం పొద్దున పొగమంచు కమ్మింది. గేటు బార్లా తెరిచి లోపల పచ్చగడ్డి పరిచాం. బూ రాషిద్ ఒక ముసలి ఆడ ఒంటెను తీసుకొచ్చాడు. ఆయనా గంగారామూ నేనూ దాని పక్కన, జింకలకు కనబడని వైపు నడిచాం. ఒంటె నాలుగడుగులు వేసి ఏదో కొరుకుతుంది, ఆగుతుంది, మళ్ళీ పక్కకు తిరుగుతుంది. మేమూ అంతే. ఎటు పోతున్నామో కొంతసేపటికి నాకు తెలియలేదు. తెల్లటి మంచులో నా చేతికింద ఒంటె పొట్ట వెచ్చగా ఊపిరి తీస్తోంది. ఎక్కడో పంపు శబ్దం నీళ్ళడుగు నుంచి వస్తున్నట్టుంది. నడుస్తున్నామో, నేలే మా కింద జరుగుతోందో చెప్పలేను.

తిన్నగా ఎందుకు వెళ్ళకూడదని గొంతు తగ్గించి అడిగాను. తిన్నగా వచ్చేవాడికి తనతో పని ఉందని జింకకు తెలుస్తుందన్నాడు.

అప్పుడు కనబడ్డాయి. మంచులోంచి కొంచెం ఇసుక పైకి లేచి, చెవులు మొలిపించుకుని మమ్మల్ని చూస్తున్నట్టు. ఎనిమిది. నలభై అడుగుల దూరం కూడా లేదు. బూ రాషిద్ ఆగాడు. ఎడమచెయ్యి ముందుకు చాచి, కుడిచెయ్యి చెంప దగ్గరికి తెచ్చి, తుపాకి ఉన్నట్టే ఒక క్షణం గురి పట్టాడు. గంగారాం నా చొక్కా పట్టుకున్నాడు. ముసలాయన చేతులు దించి, ఇంత దూరంలో తనకు గురి ఎప్పుడూ తప్పలేదని నెమ్మదిగా చెప్పాడు. గొప్పగా చెప్పలేదు, బాధగానూ చెప్పలేదు. ఒంటెను పక్కకు తిప్పాడు.

మేము వాటి వెనకగా, అటొక వంకర ఇటొక వంకర పోతుంటే, అవి మా నుంచి కొంచెం కొంచెం తప్పుకుంటూ కంచె వైపు నడిచాయి. ఒక్కటీ పరుగెత్తలేదు. మధ్యాహ్నానికి మంచు విడుతుండగా ఒక్కొక్కటే గేటు దాటాయి. చివరిది గడప మీద చాలాసేపు నిలబడి గాలి వాసన చూసింది. అదీ వెళ్ళాక గంగారాం గొళ్ళెం వేసి, రెండుసార్లు లాగి చూసి, "ఖలాస్ సార్" అన్నాడు, వినబడీ వినబడనట్టు.

రిపోర్టులో బూ రాషిద్ పేరు ఉండకూడదని మేనేజరు అన్నారు. పట్టుబడ్డ వేటగాడి సాయం తీసుకున్నామని పైవాళ్ళకు చెప్పలేమన్నారు. ఈసారి నేను వాదించలేదు. "స్థానికుల సహకారంతో" అని రాశాను. ఆ సంగతి ముసలాయనకు నేనే వెళ్ళి చెప్పాను. మీ పుస్తకంలో నా పేరు ఒకసారి ఉంది కదా, చాలు అని నవ్వి కాఫీ పోశాడు. ఆ పేరు రాయకపోవడం తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఏప్రిల్‌లోగా ఆ ఎనిమిదింటిలో ఏడు ఈనాయి.

రిటైరయ్యేలోగా తప్పిపోయిన జంతువులను వెనక్కి తెచ్చే పని ఇంకో మూడుసార్లు నా మీద పడింది. మూడుసార్లూ మొదటిరోజు ఏ బండినీ కదలనివ్వలేదు. తుపాకి పెట్టె తెరవకముందే, ఆ చుట్టుపక్కల ఒకప్పుడు వేటాడినవాళ్ళు ఎవరున్నారని వాకబు చేశాను. జింక ఒంట్లో ఏం జరుగుతుందో నాకు కాలేజీలో నేర్పారు. అది ఎప్పుడు నడుస్తుందో, ఎందుకు ఆగుతుందో మాత్రం దాన్ని చంపడానికి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళనే అడగాలి.