రెండో డిస్కు

ఏడేళ్ళుగా ఒక వీసీడీ బరువు మోస్తున్నాను. వీసీడీకి బరువేమిటని నవ్వకండి. ఆ జోకు నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను, పేలలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే ముందు నవ్వుతారు. నేను నోరు తెరిస్తే నవ్వడం వాళ్ళకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే.

అప్పుడు డిగ్రీలో ఉన్నాను. పద్మారావు నగర్‌లో ఒక చర్చి వెనక హాల్లో, నెలకు రెండు ఆదివారాలు మధ్యాహ్నం పూట, పాత హాలీవుడ్ సినిమాల మీద చర్చ జరిగేది. నడిపేది ఆశీర్వాదం సార్. గుంటూరు వైపు మనిషి, కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఓ ముప్పైమంది వచ్చేవారు: రైల్వే గుమాస్తాలు, నర్సులు, మోండా మార్కెట్‌లో పప్పులమ్మే యాదగిరి సేటు. సగం మందికి ఆ ఇంగ్లీషు అంతుపట్టేది కాదు. అందుకని సార్ ఒక పద్ధతి పెట్టారు. సినిమా రెండు డిస్కుల్లో వచ్చేది కదా, మొదటిది అయ్యాక టీ. టీ తర్వాత రెండో డిస్కు మొదటి పది నిమిషాలు సౌండ్ తీసేయాలి. సార్ తెరవైపు బెత్తం చాపి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, వెలుగు ఏ పక్కనుంచి పడుతోంది, అన్నీ తెలుగులో చెప్పేవారు. నిజానికి జనం వచ్చేది ఆ పది నిమిషాల కోసమే. ప్లేయర్ మా ఇంటిది, కాబట్టి బటన్లు నొక్కే అధికారం నాది.

సార్ గొంతు కాస్త వణికితే చాలు, నేను ఒక మాట విసిరేవాణ్ణి. హాలు గొల్లుమనేది. ఒకసారి ఆయన అందరి ముందూ అన్నారు: "నువ్వు సినిమా చూడవయ్యా. ఎక్కడ నవ్వాలా అని కాచుక్కూర్చుంటావు." అంతే. అందులో తిట్టేముంది? ఏమీ లేదు. నిజం ఉంది. అందుకే మండింది.

ఆయనకు చూపు లేదని నాకు తెలియదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. తెలుసు. ఆ మాటన్న రోజే, టీ దగ్గర, ఆయన మొహానికి జానెడు దూరంలో నిలబడి నాలుక చాపి వెక్కిరించాను. ఆయన చిరునవ్వుతో "ఎవరూ?" అన్నారు. అప్పుడు ఒక్కొక్కటీ అర్థమైంది. భార్య రూతమ్మ గారు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. మేమంతా అన్యోన్యం అనుకునేవాళ్ళం. ఆయన్ని తెర పక్కన సరిగ్గా ఒకే చోట నిలబెట్టేవారు. డిస్కుల మీద నల్ల మార్కర్‌తో ఒకటి, రెండు అని రాసి నా చేతికిచ్చేవారు. ఆ పది నిమిషాలూ సార్ చెప్పింది ఎప్పుడో చూసిన జ్ఞాపకంలోంచి. సంగతి బయటపడితే చర్చి కమిటీ ఆ పని ఇంకెవరికో అప్పగిస్తుంది. ఆయనకు మిగిలింది ఆ రెండు ఆదివారాలే. ఇదంతా నాకు అర్థమైంది. అర్థమయ్యాకే చేశాను.

ఆ రోజు వేసిన సినిమాలో, రెండో డిస్కు మొదట్లో, ఒకావిడ పెద్ద ఇంటి మెట్లు దిగి వస్తుంది. తర్వాతి ఆదివారానికని తెచ్చిన కౌబాయ్ సినిమా కూడా రూతమ్మ గారి సంచిలోనే ఉంది. ఆవిడ కప్పులు కడగడానికి వెళ్ళగానే దాని రెండో డిస్కు తీసి పెట్టాను. ఆవిడ నాకిచ్చినది నా నోట్‌బుక్కులో దూర్చాను.

సౌండ్ లేదు. తెర మీద దుమ్ము రేపుకుంటూ గుర్రాలు. సార్ బెత్తం చాపారు. "చూడండి, మూడో మెట్టు మీద ఆగింది. ఎందుకాగింది? ఆ చెయ్యి చూడండి, రెయిలింగు వదల్లేకపోతోంది."

"మెట్లేడున్నయ్ సార్? గవి గుర్రాలు గద!" అన్నాడు యాదగిరి సేటు.

నవ్వులు. నేను ఆశించినంత పెద్దవే. కానీ బెత్తం కిందికి దిగలేదు. అది చూసి ఒక్కొక్కరే నవ్వడం మానేశారు.

"ఏమయ్యా, ఏ డిస్కు పెట్టావు?" అన్నారు సార్, నేను లేని వైపు తిరిగి.

"మేడం ఇచ్చిందే పెట్టిన సార్. మీద రెండు అని సుత రాసుంది."

రాసి ఉన్న మాట నిజమే. అబద్ధానికి నిజం సాక్ష్యం పెట్టేంత తెలివి ఆ వయసుకే నాకుంది.

"రూతూ, ఏంటిది?"

ఆవిడ తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నా నోట్‌బుక్కు వైపు చూశారు. అంచులోంచి డిస్కు మెరుస్తోంది. "నేనే చూసుకోలేదండీ," అన్నారు.

"నాకు కనబడదని తెలిసి కూడా చూసుకోలేదా నువ్వు?"

ఇద్దరూ అన్నాళ్ళు దాచుకున్న మాట. ముప్పైమంది ముందు, ఆయన నోటితోనే, ఆవిడ మీద కోపంగా బయటికొచ్చింది.

ఆవిడ నా పేరు ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడారా, ఆయన్ని త్వరగా అక్కణ్ణుంచి తీసుకెళ్ళాలనుకున్నారా, లేక నాలాంటివాడితో వాదించడం తన స్థాయికి తక్కువనుకున్నారా? మూడోదయితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. చర్చలు ఆగిపోయాయి. ఎవరడిగినా "డిస్కు మారింది, పాపం" అని చెప్పాను. ఆ "పాపం" దగ్గర మొహం బాధగా పెట్టేవాణ్ణి కూడా.

పోయిన వానాకాలం చిలకలగూడ బస్టాపులో వాళ్ళిద్దరూ కనబడ్డారు. బస్సొచ్చింది. "మనదేనండీ, ఎక్కండి," అన్నారు రూతమ్మ గారు. సార్ కదల్లేదు. పక్కనున్న మనిషి వైపు, అంటే నా వైపు తిరిగి, "బాబూ, ఇది పద్మారావు నగర్ బస్సేనా?" అని అడిగారు.

తల ఊపాను. ఊపితే సరిపోదని తర్వాత తట్టింది. గొంతు మార్చి "అవున్సార్" అన్నాను. అప్పుడు ఎక్కారు. ఆవిడ నన్ను చూశారు. గుర్తుపట్టారు. ఆయన వెనకే ఎక్కేశారు. ఆవిడ మాట మీద పోయిన నమ్మకం, రోడ్డు మీద ఎవడో ఒకడి మీద ఉంది. ఆ ఎవడో నేను.

వెళ్ళి ఎదురుగా చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పొచ్చు. ధైర్యం లేదు. ఇది జోకు కాదు. రాస్తే చెయ్యి కొంచెం తేలికపడింది, అంతవరకే. మనసు సంగతి అడక్కండి.

ఇది అచ్చయినా సార్ చదవలేరు. ఆ ఇంట్లో చదివి వినిపించేది రూతమ్మ గారొక్కరే. ఆవిడ సరైన డిస్కే ఇచ్చారన్న సంగతి ఆవిడ గొంతుతోనే వింటే ఆయన నమ్ముతారా? నమ్మరు. పక్కింటివాణ్ణి పిలిచి, "బాబూ, అందులో నిజంగా అలాగే రాసుందా?" అని అడుగుతారు.

అడగనివ్వండి. అలాగే రాసుంది.