చిదంబరం మామ రెండో తూకం

మా చిదంబరం మామ దేన్నయినా రెండుసార్లు తూస్తాడు. ఒకసారి తూచి, కాంట పక్కన పెట్టి, ఒక ఛాయ్ తాగి, మళ్లీ తూస్తాడు. వంకాయలైనా అంతే, పాత పేపర్లైనా అంతే, చెల్లెలికి పుట్టిన మగపిల్లాడైనా అంతే. ఆ పిల్లాణ్ణి తువ్వాల్లో చుట్టి కొక్కేనికి తగిలిస్తుంటే దవాఖానాలో నర్సు అడ్డుపడిందట. "ఇందాకనే జోకినం కదా, మూడు కిలోలు" అంటే, "అది మీ జోకుడు. నాది ఇంకా రెండుసార్లు బాకీ ఉంది" అన్నాడట.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లారీలు తూచే ధర్మకాంట దగ్గర ఆయన ఉద్యోగం. పాత ఇనుము వేసుకొని ఫ్యాక్టరీలకు వచ్చే లారీలన్నీ ఆ కాంట ఎక్కి బరువు చీటీ తీసుకోవాలి. వేరేచోట రెండు నిమిషాల పని. మామ దగ్గర అరగంట. మొదటిసారి తూచి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "గాలి గొట్టింది. ఛాయ్ తాగి రా, మల్ల జోకుదం" అనేవాడు. పది టన్నుల లారీని గాలి ఏం చేస్తుందని ఏ డ్రైవరూ అడిగేవాడు కాదు. బుద్ధిగా పోయి పక్కనున్న మల్లవ్వ హోటల్లో ఛాయ్ తాగి వచ్చేవాడు.

ఉద్యోగం అక్కడితో అయిపోతే ఊరికి మంచిదే. కానీ సంచిలో ఒక స్ప్రింగ్ కాంట వేసుకొని ఇంటికి కూడా తెచ్చేవాడు. వాళ్లది మా పక్కిల్లు. మా నాన్న చలపతిరావు గుడివాడ నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. ఆయన కూరల సంచితో ఉప్పల్ బస్సు దిగేసరికి మామ గేటు దగ్గర కాంటతో సిద్ధంగా ఉండేవాడు.

"ఏం దెచ్చినవ్ సారూ?"

"బెండకాయలండీ. కిలో."

"యాభై గ్రాములు తక్కువుంది."

"మీ కాటా తప్పండీ."

"నా కాంట తప్పు చెప్పదు సారూ."

"మరి రెండోసారి ఎందుకు తూస్తారు?"

"గాలికి."

ఈ సంభాషణ పదమూడేళ్లు జరిగింది. బెండకాయల చోట బీరకాయలు వచ్చేవి, అంతే తేడా. మామ కాంట తప్పని ఆయన నోటితోనే ఒక్కసారి వినాలని, విన్నాక ప్రాణం పోయినా పరవాలేదని మా నాన్న అమ్మతో చాలాసార్లు అన్నాడు. "ఆ కోరిక కోసం ప్రాణం ఎందుకండీ, వంద గ్రాములు ఎక్కువ వేయించుకురండి" అనేది అమ్మ.

మా అమ్మ అన్నపూర్ణమ్మ మాత్రం మామ పక్షం. గ్యాస్ బండ వస్తే ఆయన్ని పిలవకుండా సంతకం పెట్టేది కాదు. మొదటి తూకంలో బండ రెండు కిలోలు తక్కువ వచ్చేది. "గాలి గొట్టింది. నేను ఛాయ్ తాగి వస్త, నువ్వు గంతల ఆటోల ఇంకేమన్న ఉన్నయేమో సూస్కో" అని గ్యాస్ అబ్బాయితో చెప్పి లోపలికి పోయేవాడు. తిరిగొచ్చి తూస్తే సరిగ్గా ఉండేది. "చూశావా? మొదటిసారి కాటా తప్పింది" అని నాన్న మురిసిపోయేవాడు.

ఇక నా కథ. 2008లో నేను ఘట్‌కేసర్ దగ్గర ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. రెండేళ్లు కాలనీ పిల్లలకు లెక్కలు చెప్పి దాచుకున్న డబ్బుతో, ఆటలాడుకోవడానికి సొంతంగా ఒక కంప్యూటర్ కట్టుకోవాలని నా ఆశ. కొనుక్కోవడం కాదు, కట్టుకోవడం. ఒక్కో భాగం ఎంచుకొని, తెచ్చి, నా చేత్తో బిగించాలి. కాగితం మీద ఆ జాబితాని ఎన్నిసార్లు కొట్టేసి రాశానో, అంత శ్రద్ధగా పరీక్ష రాసుంటే నా పేరు కాలేజీ గోడ మీద ఉండేది.

"చదువుకా, ఆటలకా?" అన్నాడు నాన్న.

"రెండిటికీ."

"అంటే ఆటలకే. సరే, ఆడుకో. కానీ ఆ మధ్య స్టెబిలైజర్ పేలి టీవీ పోయింది, కర్టెన్ పోయింది, మీ అమ్మ కనుబొమలు సగం పోయాయి. చిదంబరం గారు తూచి మంచి సరుకంటేనే ప్లగ్గు పెట్టేది. కాదంటే సామానంతా వెనక్కి. ఇక ఈ ఇంట్లో కంప్యూటర్ మాట ఎత్తకూడదు."

ఆ కాంట తప్పని పదమూడేళ్లుగా వాదిస్తున్న మనిషి, నా విషయానికి వచ్చేసరికి దాన్నే సుప్రీంకోర్టు చేసి కూర్చోబెట్టాడు.

మామ సంతోషంగా నాతో సికింద్రాబాద్ కంప్యూటర్ల మార్కెట్‌కి వచ్చాడు. దుకాణంలో ర్యామ్ తీసి చూపించగానే కొక్కేనికి తగిలించాడు. ముల్లు కదల్లేదు.

"ఏం లేదు గదా దీంట్ల" అన్నాడు.

"అది కంప్యూటర్ జ్ఞాపకశక్తి మామా. బరువుండదు."

"జ్ఞాపకాలకు బరువుండదా? మా పెండ్లిల మా బామ్మర్ది అన్న మాట ఇరవై ఏండ్ల సంది మోస్తున్న నేను."

దుకాణదారు భూషణం కాసేపు ఓపిక పట్టి, ప్రాసెసర్ కూడా కొక్కెం ఎక్కేసరికి, "అన్నా, గిది ఉల్లిగడ్డ కాదు" అన్నాడు. మామ ప్రాసెసర్‌ని డబ్బాతో ఒకసారి, డబ్బా లేకుండా ఒకసారి తూచి, డబ్బాయే మంచి సరుకని తేల్చాడు. మధ్యమధ్యలో ఛాయ్. మదర్‌బోర్డు అయ్యేసరికి నాలుగు ఛాయ్‌లు అయ్యాయి. అన్నీ భూషణం తెప్పించినవే. ఐదో ఛాయ్ తర్వాత ఆయన కూడా ఒక కీబోర్డు తెచ్చి, "జర దీన్ని గూడ జోకన్నా" అన్నాడు.

మామ డ్యూటీకి పోతూ నాకు ఒక మాట చెప్పాడు. ఇంకా కొనాల్సినవి రెండే. బొమ్మలు ఆడించే గ్రాఫిక్స్ కార్డు, గోడలోని కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే ఇనప డబ్బా. ఆ డబ్బాని ఎస్‌ఎంపీఎస్ అంటారు.

"కార్డు నీ ఇష్టం. డబ్బ మాత్రం బరువుది దీస్కో. కరెంటు వస్తువుల రాగి ఉంటే బరువుంటది. రాగి లేకుంటే అది రేకు డబ్బనే."

ఇంటర్నెట్లో కూడా తెలిసినవాళ్లంతా సరిగ్గా అదే రాశారు. ఒక్కసారైనా ఆయన తప్పయితే బాగుండునని నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో ఉండగా భూషణం రెండు ఫ్యాన్లున్న గ్రాఫిక్స్ కార్డు ఒకటి అద్దాల బీరువాలోంచి తీశాడు. జానెడున్నర పొడవు. దాన్ని చూశాక నా జాబితా, నా బుద్ధి రెండూ బల్ల మీదే ఉండిపోయాయి. కార్డు కొన్నాక మిగిలిన దానికి వచ్చింది ఒక తేలికపాటి ఎస్‌ఎంపీఎస్. లోపల ఏముందో తెలీదు గానీ ఊపితే గలగలమంది.

మామ దాన్ని చేత్తో పట్టుకున్నా చాలు, నా కంప్యూటర్ గతి అంతే. అందుకని ఒక పని చేశాను. ఇండస్ట్రియల్ ఏరియా రోడ్ల మీద ఇనప నట్లకు కొదవేముంది? గుప్పెడేసి ఏరుకొచ్చి, కాగితంలో చుట్టి, టేపు వేసి, ఆ డబ్బా మూత విప్పి లోపల కూరాను. తూకం కాగానే తీసేద్దామని నా ఆలోచన. ఇంజనీరింగ్ చదువు మొట్టమొదటిసారి అక్కరకొచ్చిందని గర్వపడ్డాను కూడా.

ఆదివారం పొద్దున మా హాల్లో తూకం. మామ డబ్బాని కొక్కేనికి తగిలించాడు. అది ఒక పక్కకి ఒరిగింది. "రెండు కిలోల వంద."

"అంటే మంచిదేనా?" అన్నాడు నాన్న.

మామ నా వైపు చూశాడు. "గాలి గొట్టింది. ఛాయ్ తాగుత. అల్లుడా, నువ్వు దాన్ని లోపల వెట్టి, ఛాయ్ అయినంక తీస్కరా."

లోపల పెట్టాను. ఛాయ్ అయ్యాక తెచ్చాను. మళ్లీ రెండు కిలోల వంద. ఈసారి మామ ముఖం వాడిపోయింది. కాసేపు ముల్లు వైపే చూసి, "వచ్చే ఐతారం ఇంకోసారి జోకుత" అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మూడోసారి. చిదంబరం మామ చరిత్రలో మూడో తూకం లేదు.

వారం ఆగే ఓపిక నాకెక్కడిది? మర్నాడే ఆయన్ని బతిమాలడానికి ధర్మకాంట దగ్గరికి పోయాను. ఆయన లేడు.

"తిననీకి పోయిండు బిడ్డా. ఏం పని?" అంది మల్లవ్వ ఛాయ్ వడగడుతూ.

"నా వస్తువు ఒకటి తూచాలి. రెండుసార్లు తూచాడు, మూడోసారి తూస్తానంటున్నాడు."

మల్లవ్వ గిన్నె దించింది. "మూడోసారా? ఏం వెట్టినవ్ బిడ్డా అందుల?"

"ఏం పెట్టలేదే."

"ఇటు రా." హోటల్ వెనక్కి తీసుకుపోయింది. అక్కడ నడుమెత్తు రాతి గోడ, రాతి అరుగు, రాళ్లతో కట్టిన బాత్రూమ్. "గీ రాళ్లు ఏడికెళ్లి వచ్చినయ్ అనుకున్నవ్? లారోళ్లు ఇనుము కింద రాళ్లు వెట్కొని వస్తరు, బరువు రావాలని. కాంట ఎక్కంగనే మీ మామకు తెలుస్తది. పట్టియ్యడు. గాలి గొట్టింది, ఛాయ్ తాగి రా అంటడు. ఆళ్లు గిక్కడ రాళ్లు దింపి పోతరు. చీటీల రెండో తూకమే రాస్తడు. ఇన్నేండ్లల్ల ఒక్కని పేరు బయటికి చెప్పలే. ఒక్కసారి సిగ్గువడ్డోడు మల్ల తేడు." గోడ వైపు చూసి నిట్టూర్చింది. "ఇప్పుడు అందరు మంచోళ్లయిన్రు. వంటింటికి నాలుగు రాళ్లు తక్కువవడ్డయ్."

నాకు అక్కడే చెవులు వేడెక్కాయి. పది టన్నుల లారీ డ్రైవర్లకు అర్థమైన మాట, ఇంజనీరింగ్ చదివేవాడికి అర్థం కాలేదు. ఇంటికి పోయి మూత విప్పి నట్లు తీసి రోడ్డు మీద పారేశాను.

ఆదివారం వచ్చింది. ఈసారి నాన్న పకడ్బందీగా ఉన్నాడు. కిటికీలన్నీ మూశాడు. ఫ్యాను ఆపాడు. తలుపు కింద గోనెపట్టా కూరాడు. అందరం చెమటలు కక్కుతున్నాం.

మామ డబ్బాని తగిలించాడు. "తొమ్మిది వందల గ్రాములు" అన్నాడు, ముఖం వెలిగిపోతూ.

"ఆగండాగండి. పోయిన వారం రెండు కిలోల వంద. ఈ వారం తొమ్మిది వందలా?" నాన్న లేచి నిలబడ్డాడు. "గాలి అనకండి. ఈ గదిలో ఈగ ఊపిరి తీసుకోవడానికి కూడా గాలి లేదు. డబ్బా అదే, గది అదే. ఇప్పుడు చెప్పండి, ఏది తప్పు?"

మామ నన్ను చూశాడు. నేను నేలని చూశాను. ఆయన ఒక్క మాట అంటే నా కంప్యూటర్ పోతుంది. అంతకంటే ముందు నాన్న దగ్గర నా పరువు పోతుంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన నాకంటే ముందే తెరిచాడు.

"కాంటనే తప్పు సారూ."

నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు.

"మళ్లీ అనండి" అన్నాడు నాన్న మెల్లగా.

"నా కాంటనే తప్పు. ముసల్దైంది."

నాన్న ముఖంలో ఆ రోజు వచ్చిన కళ ఆయన పెళ్లి ఫోటోలో కూడా లేదు. కిటికీలు తెరిచాడు. ఎదురింటి వాళ్లని పిలిచి చెప్పాడు. అమ్మని పాయసం చెయ్యమన్నాడు. నా భుజం తట్టి, "తప్పుడు కాటా మాటకి విలువేముందిరా? ఈ డబ్బాయే బిగించుకో, ఇప్పుడే ప్లగ్గు పెట్టుకో" అన్నాడు.

రెండేళ్లుగా ఎదురుచూసిన మాట అది. కార్డు బల్ల మీద మెరుస్తూ ఉంది. మామ తన కాంట సంచిలో సర్దుకుంటున్నాడు. నిజమైన బరువు ముల్లు చూపించేసింది, ఇక నా ఇష్టానికి వదిలేశాడు.

"వద్దు నాన్నా. ఇది రేకు డబ్బా. మార్చుకొస్తా" అన్నాను.

పెద్ద కార్డు వెనక్కిచ్చి, ఒకే ఫ్యాను ఉన్న చిన్న కార్డు, రాగితో నిండిన బరువైన ఎస్‌ఎంపీఎస్ తెచ్చుకున్నాను. భూషణం, "ఆ జోకే అన్న మంచిగున్నడా?" అని అడిగి ఛాయ్ తెప్పించాడు. ఆ చిన్న కార్డు మీద ఆటల్లో చెట్లకి ఆకులు కాస్త తక్కువగా ఉండేవి గానీ, నాలుగేళ్లు ఒక్క రోజు కూడా కంప్యూటర్ మొండికెయ్యలేదు.

మొదటి రోజు ఆట ముగించి గోడ దూకి మామ దగ్గరికి పోయాను. "మామా, నాన్నకి నిజం చెప్పేస్తా. మీ కాంట తప్పు కాదని" అన్నాను.

"చెప్పకు అల్లుడా" అన్నాడు మామ. "మీ నాయన పదమూడేండ్లల్ల ఇంత ఖుషీగ ఎన్నడన్న ఉన్నడా? ఉండనియ్యి."

మేం మాట్లాడుతుండగానే నాన్న ఆవకాయకు తెచ్చిన మామిడికాయల సంచితో, ఎవరూ పిలవకుండానే, వాళ్ల గేటు తోసుకొని వచ్చాడు. మామ కొంచెం బెరుగ్గా కాంట తీసి తూచాడు. అరకిలో తక్కువ. అలవాటు ప్రకారం, "గాలి గొట్టింది, ఛాయ్ తాగి మల్ల జోకుదం సారూ" అన్నాడు.

"రెండోసారి ఎందుకులెండి" అన్నాడు నాన్న, కుర్చీ లాక్కొని కూర్చుంటూ. "ఆ కాటా మీద నాకు నమ్మకం లేదు. మీరంటున్నారు కాబట్టి అరకిలో తక్కువే. ఛాయ్ మాత్రం ఇప్పించండి."